మొదటి బంతి నుంచి

"కదలకు. ఎక్కడున్నదానివి అక్కడే ఉండు," అన్నాడు భర్త హాల్లోంచి.

ఆమె సింకు దగ్గర ఉంది. ఒక చేతిలో సబ్బు పట్టిన గిన్నె, ఇంకో చేతిలో పీచు. టీవీలో మనవాళ్ళ బ్యాటింగ్. ఆమె ఆ గిన్నె తోముతుండగా వరసగా రెండు ఫోర్లు వెళ్ళాయి. కాబట్టి ఇక ఆ గిన్నె కింద పెట్టకూడదు, ఇంకోటి అందుకోకూడదు, కొళాయి కట్టకూడదు. జట్టు అదృష్టమంతా ఆ గిన్నె అడుగున అంటుకుని ఉందని ఆయన నమ్మకం. అయిదు ఓవర్లు ఆ ఒక్క గిన్నే తోమింది. గిన్నె అద్దంలా తయారైంది, ఆమె వేళ్ళు నాని ముడతలు పడ్డాయి, మనవాళ్ళు గెలిచారు. హాల్లో భర్త, ఆయన బ్యాంకు స్నేహితులు నలుగురు ఒకళ్ళనొకళ్ళు వాటేసుకున్నారు. గిన్నె సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఈ నమ్మకానికి పన్నెండేళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఒక మ్యాచ్ రోజు టీ కప్పుల ట్రే తెచ్చి బల్లమీద పెట్టి, సోఫా అంచున అలా కూర్చుందో లేదో, సెంచరీకి రెండు పరుగుల దూరంలో ఉన్నవాడు కాస్తా ఔటైపోయాడు. "ఏమోయ్, నీది పాడు కన్నులా ఉంది, నువ్వు కాస్త లోపలుండు," అన్నాడు భర్త నవ్వుతూ. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నవ్వుకుంటూ లోపలికి వెళ్ళినదే, మళ్ళీ రాలేదు. మొదట్లో అది వేళాకోళం, తరవాత అలవాటు, ఆ తరవాత ఇంటి చట్టం. చట్టంలో ఒక్క సడలింపు ఉంది. ఏదైనా గొప్ప షాట్ కొట్టినప్పుడు, "రా రా, రీప్లే వేస్తున్నారు, ఇప్పుడు చూడొచ్చు," అని పిలిచేవాడు. జరిగిపోయినదాన్ని ఆమె కన్ను ఏం చెయ్యలేదు కదా. ఆమె గుమ్మంలో నిలబడి, కొంగుకి చేతులు తుడుచుకుంటూ, అయిపోయిన దాన్ని చూసి, వెనక్కి వెళ్ళేది. అత్తగారి కుర్చీ మాత్రం సరిగ్గా టీవీకి ఎదురుగా ఉంటుంది. ఆవిడది చల్లని చూపట.

ఆటంటే ఇష్టం లేని మనిషైతే ఇదంతా ఏదోలా గడిచిపోయేది. కానీ ఆమెకి ఆటంటే ప్రాణం. తండ్రి గూడ్సు బండి గార్డు. సెలవు దొరికితే కూతుర్ని వెంటబెట్టుకుని పక్క ఊరి గ్రౌండ్‌కి రైల్లో తీసుకెళ్ళేవాడు. పెద్ద ఆటలేం కావు, రెండు ఆఫీసుల జట్లు ఆడుకునేవి. "రైల్లో కిటికీ పక్కన కూర్చో, గ్రౌండ్‌లో ఎండ వీపు మీద పడేచోట కూర్చో. మిగతాది ఆటే చూసుకుంటుంది," అనేవాడు. వెళ్ళేటప్పుడు దారిపొడుగునా ఇవాళ ఎవరు గెలుస్తారని వాదన, వచ్చేటప్పుడు ఎవరెందుకు ఓడారని వాదన. కిటికీలోంచి వంతెనలు, ఇటుక బట్టీలు, ఎవరివో పొలాలు. ఆ వయసులో రైలూ ఆటా రెండు వేరువేరు సంతోషాలని ఆమెకి తెలియదు. పెళ్ళయ్యాక రెండూ ఒక్కసారే పోయాయి.

పోయాయి అనడానికీ లేదు, రైళ్ళ మధ్యే ఉద్యోగం. స్టేషన్లో టికెట్లు రిజర్వు చేసే మూడో కౌంటర్ ఆమెది. రోజుకి రెండు వందల మందిని ఎక్కడెక్కడికో పంపుతుంది, తను మాత్రం నాలుగు వీధుల అవతల ఉన్న ఇంటికి నడిచి వెళ్తుంది. మ్యాచ్‌ల రోజుల్లో స్టేషన్ నీలం చొక్కాలతో నిండిపోయేది. ఆ రద్దీ మొత్తం సూపర్‌వైజరు ఆమె కౌంటర్‌కే మళ్ళించేవాడు. "ఆడవాళ్ళకి ఓపికెక్కువ మేడమ్," అనేవాడు. ఆయనకి ఓపిక లేకపోవడమే తన ఓపికకి కారణమని చెబుదామనుకునేది. చెప్పేది కాదు. ఉద్యోగానికి ఏడాదికి రెండు ఉచిత రైలు పాసులు వస్తాయి, ఇంట్లోవాళ్ళ పేర్లూ రాయించుకోవచ్చు. ఆ పాసులు ఇన్నేళ్ళూ అత్తింటివాళ్ళ పెళ్ళిళ్ళకీ ఆడపడుచు పురుళ్ళకీ తిరిగాయి, లేదా బీరువాలో పడుకుని గడువు తీరి చచ్చాయి.

ఆ క్యూలో ఒకావిడ వచ్చేది. రిటైరైన డ్రిల్లు టీచరు. తెల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కాళ్ళకి క్యాన్వాస్ బూట్లు వేసుకుని, ఎప్పుడూ ఒక్క టికెట్టే అడిగేది. రెండు నెలలకో ఊరు. ఒకసారి హాకీ, ఒకసారి పరుగు పందాలు, ఒకసారి క్రికెట్టు.

"ఒక్కరే వెళ్తారా టీచరుగారూ?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగింది ఆమె.

"నలభై వేలమంది మధ్య కూర్చుంటానమ్మా, ఒక్కదాన్నెలా అవుతాను?"

"టీవీలో బాగా కనబడుతుంది కదండీ."

"టీవీ ఊరు చూపించదు కదా. మ్యాచ్ చూద్దామని వెళ్తే ఊరు తగులుకుంటుంది. ఆ ఊళ్ళో ఎవరో పక్క ఊరి గురించి చెబుతారు, అక్కడ ఆట ఎప్పుడుందా అని వెతుక్కుంటాను. ఆట కోసం ఊరో, ఊరి కోసం ఆటో, నాకే తెలీదిప్పుడు." టికెట్టు మడిచి చేతిసంచీలో వేసుకుని, కదిలేముందు ఒక మాట అంది. "నువ్వే జట్టు వైపమ్మా?"

పన్నెండేళ్ళలో ఆ మాట ఆమెని అడిగినవాళ్ళు లేరు. వెనకాల క్యూలోవాళ్ళు గొణగడం మొదలుపెట్టేసరికి టీచరుగారు నవ్వి వెళ్ళిపోయింది. ఆ పూట ఆమె ఇద్దరికి తప్పు తేదీకి టికెట్లు కొట్టి, మళ్ళీ సరిచేసి ఇచ్చింది.

ఆ నెల్లోనే శనివారం పగటి మ్యాచ్ ఒకటి ఉంది, ఆరు గంటల రైలు ప్రయాణం దూరంలో. సిరీస్ ఎవరిదో తేల్చే మ్యాచ్. బీరువాలో ఈ ఏడాది పాసులు రెండూ ఇంకా బతికే ఉన్నాయి. వారం ముందు, భర్త అన్నం తింటుండగా చెప్పింది.

"శనివారం నేను మ్యాచ్‌కి వెళ్తున్నానండీ. గ్రౌండ్‌కి."

ఆయన ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. "జోకా?"

"మ్యాచ్ టికెట్టు కూడా తీసుకున్నా."

"నువ్వు టీవీలో చూస్తేనే మనవాళ్ళు టపటపా రాలిపోతారు. గ్రౌండ్‌కే వెళ్తే ఇంకేమన్నా ఉందా? అదీ ఇలాంటి మ్యాచ్‌కి." ఆయన నిజంగానే భయపడ్డాడు, పాపం. ఆ భయం చూసి ఆమెకి కూడా ఒక్క క్షణం భయమేసింది. ఏళ్ళ తరబడి విన్నమాట, అబద్ధమని తెలిసినా ఒంట్లో ఎక్కడో నిజమై కూర్చుంటుంది. తరవాత ఆయన గొంతు మారింది. "అయినా శనివారం మావాళ్ళు నలుగురూ వస్తున్నారే. వాళ్ళకి ఎవరు చేసిపెడతారు?"

ఆ మాటతో ఆమె భయం సగం వదిలింది. మిగతా సగం మర్నాడు అత్తగారు వదిలించింది.

ఆవిడ మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఎటూ చూడకుండా, పక్కింటివాళ్ళ సంగతి చెప్పినంత తేలిగ్గా అంది. "మీ మామయ్య రేడియోలో కామెంటరీ వినేవారు. నేను ఆ గదిలోకొస్తే ఔటైపోతారని తలుపేసేవారు. నాది పాడు చెవి అనేవారు."

"మరి ఇప్పుడు మీది చల్లని చూపంటారేం అత్తయ్యా?"

"మోకాళ్ళు పోయాయి కదే. వంటింట్లో నిలబడలేకపోయిన ఏడాదే నా చూపు చల్లబడింది." దిండు గలీబు దులిపి, నాలుగు మడతలు పెట్టింది. "నీ మోకాళ్ళు బాగున్నప్పుడే వెళ్ళు."

ఆమె నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. అత్తగారి పక్కన కూర్చుని ఆ గుట్టలోంచి తనూ ఒక చీర అందుకుంది. ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని మడతపెట్టారు.

శనివారం తెల్లారగట్ల బండెక్కింది. కిటికీ పక్క సీటు. వంతెనలు వచ్చాయి, ఇటుక బట్టీలు వచ్చాయి, తను వేలసార్లు కంప్యూటర్లో కొట్టిన స్టేషన్ల పేర్లు పసుపు బోర్డుల మీద ఒక్కొక్కటే ఎదురొచ్చి పలకరించాయి. ఒక ఊరికి ఇంత పెద్ద నది ఉందనీ, ఇంకో ఊరు మొత్తం కొండవాలుకి అతుక్కుని ఉందనీ ఆమెకి తెలియదు. ఎంతమందిని పంపింది ఆ ఊళ్ళకి. పెట్టెలో నీలం చొక్కాలవాళ్ళు ఓపెనింగ్ ఎవరని వాదించుకుంటుంటే ఊరుకోలేక ఒక మాట అంది. వాళ్ళు ఆమె వైపు తిరిగి కూర్చున్నారు. ఆరు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు.

గ్రౌండ్‌లో ఎండ వీపు మీద పడే వైపే ఆమె సీటు. మెట్లెక్కి లోపలికి అడుగుపెట్టగానే ఆ పచ్చదనం చూసి ఆగిపోయింది. టీవీలో ఎప్పుడూ ముక్కలు ముక్కలుగా చూసింది, ఇంత పెద్దదని ఊహించలేదు. ఆమె సీట్లో కూర్చునేసరికి బౌలర్ పరుగు మొదలుపెట్టాడు. పన్నెండేళ్ళ అలవాటు, లోపలికి వెళ్ళిపోవడానికి ఆమె తెలియకుండానే లేచి నిలబడింది.

"కూర్చోండమ్మా, మాకు కనబడట్లేదు," అన్నారు వెనకనుంచి ఎవరో.

ఆమె కూర్చుంది. ఆట నడుస్తుంటే తనని కూర్చోమన్న మొదటి మనిషి. ఎవరో చూద్దామని వెనక్కి తిరగబోయి మానేసింది, బంతి పోతుందని.

నాలుగో ఓవర్లో మనవాళ్ళ వికెట్ పడింది. బంతి చేతిని వదలడం, పిచ్ మీద పడి లోపలికి తిరగడం, బెయిల్సు ఎగరడం, అన్నీ చూసింది. ఒక్క క్షణం చెంపలు వేడెక్కాయి, ఎవరైనా తనవైపు వేలు చూపిస్తారేమోనని. స్టేడియమంతా ఒకేసారి నిట్టూర్చింది, ఆమె నిట్టూర్పు కూడా అందులో కలిసిపోయింది. ఇన్ని వేల కళ్ళున్నాయి, ఇందులో పాడు కన్ను ఎవరిదని వెతుకుతారు? పెద్ద తెర మీద రీప్లే వేశారు. అందరూ అటు తిరిగారు. ఆమె తిరగలేదు, తలొంచుకుని నడిచి వస్తున్న ఆ కుర్రాణ్ణే గేటుదాకా చూసింది.

సాయంత్రానికి మనవాళ్ళు ఓడిపోయారు. తొమ్మిది పరుగుల తేడా. తిరుగు బండి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా ఫోన్ మోగింది.

"చూశావా? నే చెప్పలా?" అన్నాడు భర్త. వెనకాల ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు.

"చూశానండీ," అంది ఆమె. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. "మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా చూశాను. ఎంత బాగా ఓడారో తెలుసా?"

అటువైపు గిన్నెల చప్పుడు ఆగింది.

"వచ్చే నెలలో ఇంకోటుంది. సముద్రం ఉన్న ఊళ్ళో. రెండో పాసు ఉంది కదా, దానికీ వెళ్తాను."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. అత్తగారి గొంతు. "నీది పాడు కన్నూ, నాది చల్లని చూపూ అట కదే. ఇద్దరం కలిసి వెళ్తే దానికీ దీనికీ సరిపోతుంది. ఆ పాసులో నా పేరు కూడా రాయి."

బండి వస్తోంది. ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది.

"రాస్తాను అత్తయ్యా. కిటికీ పక్క సీటు మాత్రం నాది."