ప్రదర్శనకు వెళ్లొచ్చిన పంజరం

నేను ఒక ఇనుప పంజరాన్ని. తాడిపత్రిలో ఒక వెల్డింగు షాపువాడు కిటికీలకు పోగా మిగిలిన జాలీతో నన్ను చేశాడు. ఓబులేసు నన్ను కొనేటప్పుడు తలుపు మళ్లీ మళ్లీ వేసి తీసి చూశాడు. ఒకపట్టాన దేన్నీ నమ్మే మనిషి కాదు.

తన నల్లపుంజును నాలో పెట్టుకొని పట్నంలో కోళ్ల ప్రదర్శనకు తీసుకెళ్లాడు. అక్కడ ఆయన చూపంతా పక్క పంజరాల మీదే. ఒక కోడి తుమ్మిందని నన్ను దూరంగా జరిపాడు. పుంజును అక్కడి నీళ్లు ముట్టనివ్వలేదు. ఇంతలో ఎవరో పెద్దమనిషి వచ్చి, ఇలాంటి పుంజు జిల్లాలోనే లేదని మెచ్చుకొని, ఒకసారి పట్టుకోవచ్చా అన్నాడు. ఓబులేసు పొంగిపోయి తలుపు తీశాడు. ఆ చేతులు అప్పటికే వరసలోని పుంజులన్నిటినీ నిమిరి వచ్చాయి. కోళ్లను అనుమానించిన మనిషికి, పొగిడేవాడి మీద అనుమానం రాలేదు.

మొదటి బహుమతి వచ్చింది. ఇంటికి చేరేసరికి ఆయన భార్య సుంకమ్మ దొడ్డి వాకిట్లో అడ్డంగా నిలబడింది.

“దాన్ని మన కోళ్ల కాడికి తేవద్దు. చేనుకాడ మోటారు కొట్టంలో పెట్టు.”

“ప్రైజు గెల్చిన పుంజును కొట్టంలో పెట్టమంటావా?”

“గెల్చింది సరే. ఎన్ని కోళ్ల పక్కన నిలబడొచ్చిందో నీకు తెల్సా?”

ఆయన అలిగి నన్ను చేనుకు మోసుకెళ్లాడు. పుంజుకు మేత ఆయనే వేశాడు. దొడ్డి కోళ్ల దగ్గరికి మాత్రం ఆమె ఆయన్ను రానివ్వలేదట. పుంజు మీద తన భార్యకు కుళ్లని టీ అంగట్లో చెప్పుకున్నాడట.

కొన్నాళ్లకు పుంజు మేత మానేసింది. మెడ మెలిపడింది, ఊపిరి గురగురమంది. పశువుల డాక్టరు చూసి, ఒక కోడినుంచి ఇంకో కోడికి అంటుకునే కొక్కెర తెగులన్నాడు. అది నాలోనే, నా తీగలకు తల ఆనించి చచ్చిపోయింది.

లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చి, ఓబులేసు ఇంటికి నడిచాడు. దొడ్డిలోకి పోలేదట. బయటే నిలబడి ఒక్కో కోడినీ చూస్తూ ఉండిపోయాడట. సుంకమ్మ దెప్పలేదట.

“అన్నీ మేస్తుండాయి. నీళ్లు పోసుకొని రా, అన్నం తిందువు,” అందట.

నన్ను బ్లీచింగు నీళ్లతో తోమి ఎండలో పెట్టారు. తర్వాతి ప్రదర్శనకు ఒక పొరుగాయన నన్ను అడగడానికి వచ్చాడు. జరిగింది దాచకుండా చెప్పారు, బాగా కడిగామనీ చెప్పారు. అతను లోపలికి తొంగిచూసి, వాసన చూసి, రేపొస్తానని పోయాడు. రాలేదు. నేను తప్పుపట్టను. నా తీగల అతుకుల్లో ఇంకా ఏమైనా దాగి ఉందో లేదో నాకూ తెలియదు.

ఇప్పుడు చేనులో ఒక కరివేపాకు మొక్కకు కాపుగా బోర్లించి ఉన్నాను. ఎక్కడిదో ఒక కోడి దారితప్పి నా పక్కన గీరుకుంటుంది. ఓబులేసు అదిలిస్తాడు. అది దూరం జరిగేదాకా నాకూ ఊపిరాడదు.