చక్రాల మీద వంటిల్లు

ఆమె అడిగింది చాలా చిన్న కోరిక. ఒక ఆదివారం మధ్యాహ్నం, సింకులో ఆఖరి గిన్నె కడిగి బోర్లించి, తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి మొగుడి ఎదురుగా కూర్చుంది.

"ఏమండీ, ఎక్కడికైనా వెళ్దామండీ. హోటళ్ళూ చుట్టాలిళ్ళూ కాదు. తారురోడ్డు అయిపోయాక కూడా కొండ మీదికి పోయే దారులుంటాయి చూడండి, అలాంటి చోటికి. మనిద్దరమే, ఒక్క రాత్రి. అమ్మాయ్ అనీ వదినా అనీ నన్నెవరూ పిలవకూడదు. ఈ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చోవాలి. అంతే."

ఇంతకంటే విడమరిచి ఎవరు చెప్తారు? ఆమె డ్రైవింగ్ టీచరు. పొద్దుట్నుంచీ పక్క సీట్లో కూర్చుని, బ్రేకుకీ క్లచ్చుకీ తేడా తెలియని వాళ్ళ చేత బండి నడిపించి, వాళ్ళ ప్రాణాలూ తన ప్రాణాలూ జాగ్రత్తగా తిరిగి తెచ్చుకునే మనిషి. ఇంటికొచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే గరిట చేతికొస్తుంది. అత్తగారికి ఉప్పు తక్కువ కావాలి, ఆయనకి కారం ఎక్కువ కావాలి. పక్క వీధిలో ఉన్న ఆడపడుచుకైతే ఏదైనా ఫరవాలేదు, కాకపోతే అది వదిన చేతి వంటే అయ్యుండాలి.

ఆయన వంటిళ్ళ డిజైనరు. మామూలు డిజైనరు కాదు, ఊళ్ళో ఉన్నవాళ్ళంతా ఆయన కోసం నెలల తరబడి ఎదురుచూస్తారు. ఆయన చేసిన డ్రాయరు తోస్తే చప్పుడు చెయ్యదు. ఆఖర్న తనంతట తనే సిగ్గుపడ్డట్టు లోపలికి వెళ్ళిపోతుంది. కొత్తగా పనిలో చేరిన వాళ్ళకి ఆయన మొదటిరోజే ఒక సూత్రం నూరిపోసేవాడు. "క్లయింటు నోరు నమ్మకండి, చేతులు చూడండి. నోరు వంద చెప్తుంది. చెయ్యి ఎక్కడికి పోతుందో అక్కడ ఉంటుంది అసలు అవసరం." ఈ సూత్రం ఆయనకి బోలెడు పేరు తెచ్చిపెట్టింది. ఒకసారి పేరు తెచ్చిపెట్టిన సూత్రాన్ని మనిషి గుమ్మం బయట విడిచి ఇంట్లోకి రాడు గదా.

పెళ్ళాం కోరిక వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. "ట్రైలర్ కడదాం!" అన్నాడు. "కారు వెనక తగిలించుకుపోయేది. చిన్నది. ఎంత గతుకుల దారైనా తట్టుకునేది. పడుకోవడానికి పరుపు, పైన కప్పు, కింద గట్టి చక్రాలు. ఇంకేం అక్కర్లేదు."

ఆ మాట అన్నప్పుడు ఆయన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది ఆమెకి. పెట్టుకుంది కూడా. ఆ ప్రాజెక్టు మొత్తమ్మీద అన్నీ సవ్యంగా ఉన్నది ఆ ఒక్క పూటే.

కారు వీధిలోకి వెళ్ళిపోయింది, కారు షెడ్డు కాస్తా వర్క్‌షాప్ అయింది. ఇనప చట్రం వెల్డింగ్ షాపులో తయారైంది. ఆ షాపు యజమాని ఎంత మంచివాడంటే ఏది అడిగినా "చేసేద్దాం సార్" అనేవాడు, చెయ్యకూడనిది అడిగినా సరే. చట్రానికి లావుపాటి యాక్సిల్, షాక్ అబ్జార్బర్లు, బురదలో దిగినా లేచొచ్చే టైర్లు అమిరాయి. ఆమె రోజూ క్లాసులయ్యాక వచ్చి ఆ టైరుని చేత్తో తట్టి చూసుకునేది. ప్లైవుడ్ గోడలు లేచాక, ఒకరోజు లోపల నేల మీదే వెల్లకిలా పడుకుంది. కాళ్ళు పూర్తిగా చాపుకుంది. పక్కన ఇంకొకరికి చోటుంది. ఎంత హాయనిపించిందో!

ఆ హాయికి చీడ టీ రూపంలో పట్టింది.

"అంత పైకి వెళ్ళాక, చల్లగాలిలో ఒక్క టీ తాగాలనిపిస్తే?" అన్నాడాయన ఒక సాయంత్రం.

"ఫ్లాస్కులో పట్టుకెళ్దాం."

"ఫ్లాస్కులో టీ టీయేనా?"

అంతే. టీకి ఒక స్టవ్వు. స్టవ్వు ఉన్నాక అగ్గిపెట్టెకో అర, గిన్నెలకో అర, గిన్నెలున్నాక వాటిని కడగడానికి సింకు, సింకుకి నీళ్ళ ట్యాంకు. ట్రైలర్ వెనకభాగం మొత్తం పైకి లేచే తలుపుగా మారింది. దాన్ని ఎత్తితే లోపల నిండుకుండలా వంటిల్లు. సామాను పెరిగినప్పుడల్లా పరుపు తగ్గింది. మొదట తలగడల వైపు తగ్గింది, తర్వాత కాళ్ళ వైపు. "కొంచెం ముడుచుకుంటే సరిపోతుంది, చలిలో ఎలాగూ ముడుచుకునే పడుకుంటాం," అన్నాడాయన. చలిని కూడా డిజైన్లో కలిపేసుకున్నాడు మహానుభావుడు.

ఆ తర్వాత ఇంట్లో వంటింట్లో ఒక స్టూలు వెలిసింది. దాని మీద టేపు పట్టుకుని ఆయన.

"నీ పని నువ్వు చేసుకో. నేనిక్కడ లేననుకో."

ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే ఆయన చూశాడు. ఉప్పుకి ఏ చెయ్యి పోతోంది, మూత ఎక్కడ పెడుతోంది, ఎన్నిసార్లు వంగుతోంది, అన్నీ చూశాడు. మోచేతి దగ్గర్నుంచి నేలకి టేపు దించి కొలిచాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అంత శ్రద్ధగా ఆమెని చూడటం అదే మొదలు. చూసిందేమో మోచేతి ఎత్తు.

ఆమె కత్తి పక్కన పెట్టింది. "ఏమండీ, మళ్ళీ చెప్తున్నాను. అక్కడ నాకు వంటిల్లు వద్దు."

ఆయన జాలిగా నవ్వాడు. "మొదట్లో అందరూ అలాగే అంటారు."

"అందరూ ఎవరు?"

"క్లయింట్లు."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజుల నిశ్శబ్దంలో ఆయన బోలెడు పని చేసుకున్నాడు.

గ్రానైటు పలక వచ్చిన రోజు మాత్రం ఊరుకోలేకపోయింది. "రాళ్ళ దారిలో పోవడానికని కట్టుకుంటున్నాం, మళ్ళీ మనం రాళ్ళు మోసుకుపోవడం ఎందుకండీ? ఇంత బరువు వెనక వేలాడితే కారు ఎత్తు ఎక్కదు. బండి నడిపే దాన్ని చెప్తున్నాను."

"ప్లైవుడ్ మీద కత్తి పెడితే గీతలు పడతాయి," అన్నాడాయన. ఆ గ్రానైటు అంచుని ఉప్పుకాగితంతో నున్నగా రుద్దుతూ కూర్చున్నాడు. ఎక్కడా ఆమె చెయ్యి గీసుకోకూడదని ఆయన తాపత్రయం. ఆమె తిట్లన్నీ గొంతులోనే ఆగిపోయాయి అందుకే. పట్టించుకోని మొగుడితో దెబ్బలాడొచ్చు గానీ, ఇంతలా పట్టించుకునే వాడితో ఏమని దెబ్బలాడతాం?

ట్రైలర్ పూర్తయ్యాక ఇంటిల్లిపాదీ షెడ్డులోకి దిగారు. ఆయన వెనక తలుపు ఎత్తాడు. అత్తగారు ముక్కున వేలేసుకుంది. ఆడపడుచు ఒక్కో డ్రాయరు లాగుతూ, అది తనంతట తనే మూసుకుంటుంటే చిన్నపిల్లలా కిలకిలా నవ్వింది.

"అబ్బ! మా ఇంట్లో కూడా లేదన్నయ్యా ఇలాంటిది. వదిన ఎంత అదృష్టవంతురాలో! ఇంతకీ మనం ఎప్పుడు బయల్దేరడం?"

"మనమా?" అంది ఆమె.

"మరి? ఇంత వంటిల్లు మీ ఇద్దరికేనా, చోద్యం కాకపోతే!"

"నిజమే అమ్మాయ్," అని అత్తగారు వంత పాడింది. "ఇద్దరి కోసం ఇంత పొయ్యి వెలిగిస్తే గ్యాసు దండగ."

ఆమె మొగుడి వంక చూసింది. ఆయన మట్టం చూసే రసమట్టం చేతిలో తిప్పుకుంటూ నసిగాడు. "తిని చీకటి పడకుండా వెళ్ళిపోతార్లే."

మనిద్దరమే అన్న మాట ఆ క్షణాన గాల్లో కలిసిపోయింది. ఆమెకి ఏడుపొచ్చింది. ఉల్లిపాయల మీదికి నెడదామంటే చేతిలో ఉల్లిపాయ కూడా లేదు.

సరే, బయల్దేరారు. స్టీరింగు దగ్గర ఆమె, ఎందుకంటే ట్రైలర్ తగిలించిన బండిని వెనక్కి తియ్యడం ఆయన వల్ల కాదు. వెనకాల ఆడపడుచు కారు, అందులో ముందు సీట్లో అత్తగారు, వెనక సీట్లో రెండు బుట్టల కూరగాయలు. తారురోడ్డు అయిపోయింది. కంకర దారి మొదలైంది. గతుకులకి ట్రైలర్ చెక్కుచెదరలేదు. ఒక్క డ్రాయరు కూడా తెరుచుకోలేదు. ఆయన వెనక్కి తిరిగి చూసుకుంటూ గాల్లో తేలిపోతున్నాడు.

అసలు ఎత్తు మొదలవగానే కారు మూలగడం మొదలుపెట్టింది. గ్రానైటు, ట్యాంకు నిండా నీళ్ళు, కంచు మూకుళ్ళు, అన్నీ కలిసి కారు వెనకభాగాన్ని కిందికి నొక్కేశాయి. ముందు చక్రాలు కంకర చిమ్ముతూ ఉన్నచోటే తిరిగాయి. ఇంకోసారి ప్రయత్నించింది. మూడోసారి రబ్బరు కాలిన వాసనొచ్చింది. ఇంక చేసేదేం లేక, నింపాదిగా అద్దాల్లో చూసుకుంటూ ట్రైలర్‌తో సహా వెనక్కి దించి, కొండ కింద చదునుగా ఉన్నచోట ఆపింది. ఒక పక్క కంకర గుట్టలు, నెత్తిన కరెంటు తీగలు. దూరంగా రాళ్ళు పగలగొట్టే మిషను చప్పుడు.

ఆయన దిగి, గ్రానైటు మీద రసమట్టం పెట్టి చూశాడు. "ఆహా! బుడగ సరిగ్గా మధ్యలో ఉంది!"

"ఇక్కడే బాగుందన్నయ్యా," అంది ఆడపడుచు, చాప పరుస్తూ. "పైన మాత్రం ఏముంది, గాలి తప్ప? వదినా, వంకాయలు ముందు తియ్యనా, బీరకాయలు తియ్యనా?"

ఆమె మొగుణ్ణి చెయ్యి పట్టుకుని కంకర గుట్ట వెనక్కి తీసుకెళ్ళింది.

"నా చేతులు చూసి కట్టారు దీన్ని. చూశారు, కాదనను. పనిలో ఉండగా చూశారు. ఊరికే ఉండగా ఎలా ఉంటాయో మీకు తెలుసా? తెలీదు. నాకూ తెలీదు. అది చూసుకుందామనే కదండీ ఈ కొండెక్కుదామన్నాను!"

ఆయన మొహం చిన్నబోయింది. "నీకోసమే కదా ఇంత కష్టపడి కట్టాను."

"తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇప్పుడు దీన్ని ఇక్కడ విప్పేసి కారులో పైకి పోదాం. వస్తారా?"

ఆయన ఆవిడ వంక చూశాడు. ట్రైలర్ వంక చూశాడు. ఎత్తిన తలుపు కింద అమ్మా చెల్లెలూ డ్రాయర్లు లాగుతున్నారు. "ఇంత సామాను ఇలా బార్లా తెరిచి ఎలా వదిలేస్తాం? వీళ్ళు ఆకలితో ఉన్నారు. భోజనాలు కానియ్యి, తర్వాత చూద్దాం."

ఆమె తిరిగొచ్చి ట్రైలర్ చక్రాల కింద రాళ్ళు పెట్టింది. అది ఆనుకుని నిలబడే ముందుకాలు కిందికి దించి, కొక్కెం విప్పి, గొలుసులు తీసేసింది. లోపలి పరుపు లాగి మడిచి కారు వెనక సీట్లో పడేసింది. అదేమిటమ్మాయ్, అదేమిటని అత్తగారు అడుగుతూనే ఉంది. బరువు వదిలిన కారు ఆ ఎత్తుని ఇట్టే ఎక్కేసింది.

పైన నిజంగానే గాలి తప్ప ఏమీ లేదు. కారు సీట్లు మడిచి పరుపు పరిచింది. మిషను చప్పుడు అక్కడిదాకా రావడం లేదు. అప్పుడే పొద్దు వాలుతోంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొదట్లో వాటికేం తోచలేదు, పరుపు మడతలు సవరించాయి, జుట్టు సవరించాయి. కాసేపటికి సద్దుమణిగాయి. ఎంత సుఖంగా ఉందో అంత దిగులుగానూ ఉంది. ఇద్దరం అనుకుని ఒక్కతే వచ్చింది మరి.

ఫోను మోగింది. ఆయనే. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"ఏమోయ్, కూరలో ముందు పసుపు వెయ్యాలా, ఉప్పు వెయ్యాలా?"

"ఎవరు వండుతున్నారు?"

"నేనే. అమ్మకి మోకాళ్ళు నెప్పిట. చెల్లాయికి ఈ స్టవ్వు అలవాటు లేదట."

వెనక నుంచి ఆడపడుచు గొంతు వినపడింది. "అన్నయ్యా, అయిందా? నాకు కొంచెం వేపుడులా ఉండాలి!" ఆ వెంటనే అత్తగారు. "ఏరా, నాది వేరే తీశావా? ఉప్పు తక్కువ."

"ఇందాకట్నుంచీ ఇదే వరస," అన్నాడాయన. "కూర్చుంటే చాలు పిలుస్తున్నారు. నా డ్రాయర్లు పని చేస్తున్నాయో లేదో కూడా చూసుకోలేదు నేను." తర్వాత అడిగాడు. "ఇంట్లో కూడా ఇంతేనా?"

"ఇంతే. ఆ పిలుపులకి మీ గొంతు కూడా కలుపుకోండి."

అవతల గరిట చప్పుడు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "పైన ఎలా ఉంది?"

"ఏమీ లేదు. చాలా బాగుంది. నడిచి వచ్చెయ్యండి, దారి ఒకటే."

"ఎలా రాను? పొయ్యి మీద కూర ఉంది. కదపకపోతే మాడిపోతుంది."

ఆ మాట ఎన్ని పిలుపులకి, ఎన్ని సినిమాలకి, ఎంతమంది స్నేహితురాళ్ళకి తను చెప్పిందో ఆమెకే లెక్కలేదు. ఫోను చెవికి ఆనించుకుని కొండ అంచు దాకా నడిచింది. కింద ట్రైలర్ అగ్గిపెట్టెంత కనిపిస్తోంది. దాని పక్కన ఒంగి నిలబడ్డ మనిషి.

"స్టవ్వు కట్టేసి వచ్చెయ్యండి," అంది. అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది. ఇంత చిన్న మాట, ఇన్నేళ్ళూ తనకి తను చెప్పుకోవచ్చని తోచనే లేదు.

గరిట చప్పుడు ఇంకాస్త సేపు వినిపించి ఆగిపోయింది. కంకర మీద అడుగుల చప్పుడు మొదలైంది. వెనకాల అత్తగారి కేక.

"ఒరేయ్, కూర అలా వదిలేసి ఎక్కడికిరా!"