ఎఫ్రాయిము పెట్టిన సిమెంటు

అమెరికాలో ఓ లంక మీదున్న నల్లవాళ్ళ చర్చి షారోను. అక్కడ ఓటంటే చీటీలు వెయ్యడమూ కాదు, చెయ్యెత్తడమూ కాదు. లేచి నిలబడడం. అందులోనూ ఒక పద్ధతుంది. తెల్లబట్టలు వేసుకుని ముందు బల్ల మీద కూర్చునే సంఘపు తల్లుల్లో అందరికంటే పెద్దావిడ లేస్తేనే మిగతావాళ్ళు లేస్తారు. ఆవిడ లేవలేదా, ఎంత మంచి మాటైనా అక్కడే చతికిలబడుతుంది. ఇప్పుడా పెద్దావిడ వెర్డెల్. ఎనభై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, నోరు మాత్రం భేషుగ్గా ఉంది.

ఆ శనివారం పాస్టరు క్లియోన్ ఆవిణ్ణి చర్చి వెనక గోడ దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళాడు. సవానా పట్నం నుంచి వచ్చిన తాపీమేస్త్రి థేడియస్ అక్కడ గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"చూడండమ్మా," అంటూ గోటితో ఇటుక మీద గీశాడు. ఎర్రపొడి జలజలా రాలింది. ఇటుకల మధ్య సందులో సిమెంటు మాత్రం ఇనుములా ఉంది. "ఇవి మన పెద్దలు బానిసత్వం తీరిన మరుసటేడు చేత్తో చేసి కాల్చుకున్న ఇటుకలు. మెత్తటివి. గుల్ల సున్నం ఉన్నన్నాళ్ళూ గోడలో దిగిన తడి సందుల్లోంచి బయటికి పోయేది. ఈ సిమెంటు దారి మూసేసింది. తడంతా ఇటుకలోనే ఉండి దాన్ని తినేస్తోంది. మొత్తం తీసేసి మళ్ళీ సున్నం పెట్టాలి. లేకపోతే నాలుగేళ్ళు నిలవదు. ఏ మహానుభావుడు చేశాడో గానీ..."

పాస్టరు గట్టిగా దగ్గాడు.

"మా ఆయనే ఆ మహానుభావుడు," అంది వెర్డెల్.

ఎఫ్రాయిము పోయి పదకొండేళ్ళయింది. సమాధి దగ్గరికి వెళ్తే ఆవిడకి రాయి కనిపిస్తుందే గానీ ఆయన కనిపించడు. కనిపించేది ఈ గోడ దగ్గరే. పెద్ద తుఫాను వచ్చిన ఏడు మొదలుపెట్టి, పద్దెనిమిదేళ్ళు, ఒక్క శనివారం తప్పలేదు. పడవలో సిమెంటు బస్తాలు వేసుకొచ్చి సందుల్లో నింపేవాడు. "మీ అమ్మ ఆల్చిప్పలు కాల్చి సున్నం చేసేది కదయ్యా, అది చాలదూ?" అని ఆవిడంటే ఇంతెత్తున లేచేవాడు. "పట్నంలో తెల్లోళ్ళ బ్యాంకుకేమో సిమెంటూ, మన దేవుడికి చిప్పల బూడిదానా?"

మధ్యాహ్నం ఆవిడ టమాటా వేసి వండిన ఎర్రన్నం, వేయించిన రొయ్యలు పట్టుకొచ్చేది. "చేతులు చూడవే ఎలా ఉన్నాయో, నువ్వే పెట్టు," అని నోరు తెరిచేవాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి చెంచాతో పెట్టేది. తిన్నాక ఒక్కో సందునీ బొటనవేలితో నున్నగా రాసేవాడు. ఆ వేలి జాడలు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు వాటిని ఉలితో కొట్టెయ్యాలట.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు ఆ సంగతి సంఘం ముందు పెట్టాడు. ఆయన కూర్చున్నాక చర్చిలో విసనకర్రల చప్పుడే మిగిలింది. వెర్డెల్ ఒళ్ళో చేతులు పెట్టుకుని కదలలేదు. వెనక ఉన్నవాళ్ళంతా ఆవిడ టోపీ వంకే చూస్తున్నారు.

పక్కనే కూర్చున్న ఆడపడుచు ఎర్లీన్ మోచేత్తో పొడిచింది. "వొదినా, మేకులేమైనా కొట్టారేంటి నిన్ను బల్లకి?"

"నోర్ముయ్యవే."

"మా అన్న గురించే కదూ?" ఎర్లీన్ గొంతు తగ్గించింది. "ఆఖరి రెండేళ్ళూ ఆ గోడ కింద ఎర్రపొడి ఊడ్చి, బక్కెట్లో తెచ్చి నా గులాబీల కింద పోసేవాడు. మీ వొదినకి మాత్రం చెప్పకే అనేవాడు. మాటిచ్చాను, చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా, తిట్టుకో."

 అంటే ఆయనకి తెలుసు, అనుకుంది వెర్డెల్. పద్దెనిమిదేళ్ళ పని గోడని తినేస్తోందని తెలిసి, శనివారం శనివారం ఒక్కడే ఊడ్చుకున్నాడు. అంత నవ్వుతూ అన్నం తిన్న మనిషి, ఆ ఒక్కటీ ఆవిడకి చెప్పుకోలేకపోయాడు. అప్పుడే తెలిసుంటే చీపురు లాక్కుని, "పద, ఇద్దరం కలిసి పీకేద్దాం," అని ఉండేది కదా!

బల్ల అంచు పట్టుకుని, కీళ్ళు టకటకమంటుండగా, లేచి నిలబడింది. వెనక చర్చంతా లేచింది.

సోమవారం పొద్దున్నే గోడ దగ్గర కుర్చీ వేయించుకుంది. మొదటి దెబ్బ తనదేనంది. మేస్త్రి ఉలి పెట్టి పట్టుకుంటే సుత్తితో కొట్టింది. ఏమీ కాలేదు. మళ్ళీ కొట్టింది. సిమెంటు చెక్కు చెదరలేదు.

"బతికుండగా మాత్రం మా అన్న ఎన్నడు విన్నాడు వొదినా నీ మాట!" అంది ఎర్లీన్. అందరూ గొల్లున నవ్వారు. వెర్డెల్‌కీ నవ్వాగలేదు, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

తరవాత ఆ సందు మీద అరచెయ్యి ఆనించి, ఇంట్లో మనిషితో అన్నట్టే అంది. "చాల్లేవయ్యా, ఇక వదులు. దీని కింద పొడి నేను ఊడుస్తాలే."

నాలుగో దెబ్బకి బఠాణీ గింజంత పెళ్ళ ఊడిపడింది.