ముట్టుకోకూడని నాణేలు

మా ఆయనకున్న నాణేల పిచ్చి పెళ్ళికి ముందే తెలిసుంటే నా బతుకు ఇంకోలా ఉండేదేమో. వాచీలు బాగుచేసి సంపాదించిందంతా పాత బిళ్ళలకే తగలేశాడు. ఆ బిళ్ళల్ని నేను తిట్టని తిట్టు లేదు. అలాంటి నేనే వాటికోసం పదిమందిలో నోరు పారేసుకున్నాను.

చూపు పోయాక ఆయనకి మిగిలినవి వేళ్ళే. నాణెం చేతిలో పెడితే అంచు తడిమి, దానిమీద బొటనవేలు రాసి, ఎప్పటిదో, అసలుదో కాదో చెప్పేస్తాడు. ఏటా నాణేల క్లబ్బు పెట్టే ప్రదర్శనలో ఆయనకో బల్ల ఉండేది. జనం వరసకట్టి తమ బిళ్ళలు తెచ్చి ఆయన చేతిలో పెట్టేవాళ్ళు. ఏడాదంతా గోడవైపు తిరిగి కూర్చునే మనిషి ఆ ఒక్కరోజు నవ్వేవాడు. నాకదే చాలు.

ఈసారి మీటింగులో క్లబ్బు కార్యదర్శి కొత్త రూలు తెచ్చాడు. అతను పళ్ళ డాక్టరు. కంపెనీవాళ్ళు పరీక్షించి, మార్కులేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసిన నాణేలే ఇకమీదట బల్లలమీద ఉండాలట. విడి నాణెం కంటికి కనబడకూడదట.

"పోయినసారి నకిలీలు అమ్ముడుపోయి మన పరువు బజారున పడింది" అన్నాడు డాక్టరు.

"ఆ డబ్బాలకీ నకిలీలొస్తున్నాయిగా" అన్నాడు పాత పుస్తకాల కొట్టాయన. "అయినా అప్పుడు మనం అమ్మేది నాణేన్నా, దానిమీద అంటించిన చీటీనా?"

ఎవరూ పట్టించుకోలేదు. ఉండబట్టలేక నేను లేచాను.

"మరి ఈయన బల్ల సంగతేంటి?"

"మీరు సభ్యులు కాదు కదమ్మా" అన్నాడు డాక్టరు, పన్ను పీకేముందు మాట్లాడినంత మెత్తగా.

"కాకపోతే ఏం? ఇన్నేళ్ళూ ఈయన్ని చెయ్యి పట్టుకు తీసుకొస్తున్నది నేను. డబ్బా తడిమితే ఈయనకేం తెలుస్తుంది, మీ మొహం?"

మా ఆయన నా చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

రూలు కావాలన్నవాళ్ళని చేతులెత్తమన్నారు. ఈయనా, పుస్తకాలాయనా తప్ప అందరూ ఎత్తారు. అందరికంటే ముందు లేచింది డాక్టరు చెయ్యి. అసలుకీ నకిలీకీ తేడా ఎలా పట్టాలో ఆ డాక్టరుకి నేర్పింది ఈయనే, మా వంటింట్లో కూర్చోబెట్టి, నా చేతి కాఫీ తాగించి. "ఎంతమంది ఎత్తారు?" అని మా ఆయన నా చెవిలో అడిగాడు. సగం మందేనని అబద్ధం చెప్పాను.

ప్రదర్శన నాడు ఆయనకి బల్ల లేదు. వేదికమీదికి మాత్రం పిలిచారు. సన్మానమట. డాక్టరు మైకులో తెగ పొగిడి, ఆయన చేతిలో ఒక డబ్బా పెట్టాడు.

"క్లబ్బు మొదలెట్టినప్పుడు మీరు కానుకగా ఇచ్చిన నాణెమే ఇది. మీ పేరు వేయించి, సీలు చేయించి తెచ్చాం."

హాలంతా చప్పట్లు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన డబ్బాని అటూ ఇటూ తిప్పాడు. అంచు తడిమాడు. బొటనవేలు రాశాడు. రెండువైపులా ఒకటే నునుపు. నావైపు వంగి, "బొమ్మ పైనుందా, బొరుసా?" అని అడిగాడు.

"ఇంటికెళ్ళగానే సుత్తితో పగలగొడతాను. మీరే చూసుకుందురుగాని" అన్నాను.

"వద్దులే" అని డబ్బా నా చేతిలో పెట్టేశాడు. "నువ్వుంచుకో. ఇది కళ్ళున్నవాళ్ళకిచ్చేది."