పదిహేడో అర

నేను ఒక అరల బీరువాను. తలుపులు లేవు, తాళం లేదు. అరవై అరలు మాత్రం ఉన్నాయి. నరసాపురం కాలవ గట్టున కర్రల అడితిలో వేగిస దుంగగా పడి ఉన్న నన్ను ఒక వడ్రంగి కొనుక్కుపోయి, కోసి, చిత్రిక పట్టి, పది రోజుల్లో ఈ రూపానికి తెచ్చాడు. వరసకు పది చొప్పున ఆరు వరసలు. ప్రతి అర నెత్తినా తెల్లరంగుతో అంకె వేశాడు. పదిహేడులో ఏడు తిరగబడితే తుడిచి మళ్ళీ వేశాడు. ఆ మరక ఇప్పటికీ ఉంది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక పోస్టాఫీసులో ఉన్నాను. నా ఒక్కో అర ఒక్కో ఊరు. కువైట్ నుంచి కవర్లు, మిలటరీ నుంచి కార్డులు, పెళ్ళి పిలుపులు, మూలలకు పసుపు ఆరకముందే వచ్చి పడేవి. గాలికి ఎగిరిపోయేంత కాగితం ముక్క కోసం నాలుగు మైళ్ళు నడిచి వచ్చిన మనుషులు, అది చేతిలో పడగానే మెట్ల మీదే కూలబడి చదువుకునేవారు. చదవడం రానివాళ్ళు పోస్టుమాన్ నోటివంక చూస్తూ నిలబడేవారు. నేను ఒక్క ఉత్తరమూ చదివి ఎరగను. అంటించిన కవరులో ఏముందో బీరువాకు ఎలా తెలుస్తుంది? కానీ మనుషులకి ఒకరి సంగతి ఒకరికి తెలియకపోతే ప్రాణం నిలవదని మాత్రం అక్కడే తెలుసుకుని అబ్బురపడ్డాను. అందరూ నన్ను "గూళ్ళు" అనేవారు. అంతకు మించి నాకు పేరు లేదు.

పోస్టాఫీసు కొత్త భవనంలోకి మారాక నన్ను వేలం వేశారు. భీమవరం పక్కన రొయ్యలు ఒలిచి, గడ్డకట్టించి, విదేశాలకు పంపే షెడ్డువాళ్ళు కొన్నారు. కొన్నాళ్ళు నాలో లేబుళ్ళు పెట్టారు. తరవాత ఒక రీలు నా రాత మార్చేసింది.

షెడ్డులో పనిచేసే ఒకమ్మాయి టోపీ, మాస్కు వేసుకునే, రొయ్యల బల్ల పక్కన పాటకు రెండు అడుగులు వేసి రీలు పెట్టింది. బాగానే వేసిందట. లక్షమంది చూశారు. ఆ లక్షమందిలో సముద్రాల అవతలి కొనుగోలుదారు ఒకడున్నాడు. వాడు అడుగులు చూడలేదు, ఆ అమ్మాయి చేతి గాజులు చూశాడు. గాజులతో రొయ్యలు ఒలిస్తే సరుకు మాకొద్దని కబురు పెట్టాడు. మర్నాటికల్లా గేటు దగ్గర నోటీసు వెలిసింది: ఫోన్లన్నీ గుడ్డ సంచీల్లో వేసి నా అరల్లో పెట్టి లోపలికెళ్ళాలి, మధ్యాహ్నం భోజనానికీ సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడూ తీసుకోవాలి. ఆ నోటీసు మీద సంతకం చేసిన మేనేజరు భాస్కరవర్మగారు తన అద్దాల గదిలో కూర్చుని, కుక్కపిల్లలు కాలు జారి పడే వీడియోలు పొద్దస్తమానం చూస్తూ ఉంటారు. అది వేరే సంగతి.

నాకు మాత్రం పండగే. అరకొక ఫోను, ఒక్కొక్కటీ ఒక్కో తీరున వణుకుతుంది. పోస్టాఫీసులో నెలకొకటి వచ్చిన కబురు ఇక్కడ గడియకు పది వస్తుంది. భోజనం గంట కొట్టగానే అరవై చేతులు ఒక్కసారి నా మీదికొస్తాయి. ఎవరి అర వారికి చూడకుండానే తెలుసు. అన్నం మూత తియ్యకముందే ఆ వెలుగు చూసి ముఖాలు విప్పారతాయి. మెట్ల మీద కూలబడ్డ ఆ పాత మనుషులే మళ్ళీ వచ్చారనిపించేది నాకు.

పదిహేడో అర మావుళ్ళమ్మది. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, చెయ్యి చురుకు, మాట తక్కువ. చాలా రోజులు ఆ అర ఎందుకు వణకదో నాకు అర్థం కాలేదు. సంచీ బరువు సరిగ్గానే ఉంది, ప్రాణమే లేదు. ఒకనాడు పక్కామెతో ఆమె గుసగుసగా అన్న మాటతో గుట్టు తెలిసింది.

"మా అత్తగారు ఇల్లంతా ఎతుకుతున్నారే. రిమోటు కాకెత్తుకెళ్ళిందంటున్నారు."

ఫోను ఉండాల్సిన సంచీలో పెట్టి ఆమె రోజూ నాకు ఇస్తున్నది టీవీ రిమోటు. అసలు ఫోను మోత కట్టేసుకుని, ప్లాస్టిక్ కవరు చుట్టుకుని గమ్‌బూటులో ఉంది.

కారణం ఆమె కూతురు తనూజ. పన్నెండేళ్ళు. పుట్టు చెవుడు, మాట రాదు. కాకినాడలో అలాంటి పిల్లల బడిలో ఉండి చదువుకుంటుంది. బడిలో పదకొండింటికి వార్డెనమ్మ ఒక్కో పిల్లకీ అయిదు నిమిషాలు వీడియో కాల్ ఇస్తుంది. ఇక్కడ టీ విరామం కూడా అప్పుడే. బడిలో నేర్పే చేతి మాటలు మావుళ్ళమ్మ ఫోనులో వచ్చే చిన్న చిన్న వీడియోలు చూసి నేర్చుకుంది. ఎప్పుడు చూసినా ఫోనేనని అందరూ దెప్పేది ఆ చదువునే. టీ వేళ మరుగుదొడ్లోకి పోయి, ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఒక చేత్తో మాట్లాడేది. రెండు చేతులు కావలసిన భాషలో సగం మాటలే అటు చేరేవి.

ముందుగా ఆమె మేనేజరుగారిని అడగకపోలేదు. "పదకొండింటికి మా అమ్మాయి ఫోన్ చేత్తాదండి, ఒక్క అయిదు నిమిషాలు" అంది. "ఇవాళ నీకిస్తే రేపు అరవైమందికీ ఇవ్వాలమ్మా" అన్నారాయన. పిల్లకు వినపడదని ఆమె చెప్పలేదు. జాలిగా చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

ఒకనాడు టీ వేళ మేనేజరుగారికి అనుమానం వచ్చింది. గేటు దగ్గరికొచ్చి, కాపలా ఉండే సత్తిరాజు చేత రిజిస్టరు తెప్పించి, "ఒక్కో నంబరుకీ రింగ్ ఇవ్వు. మోగని అరలు నాకు చెప్పు" అన్నారు. టీ గ్లాసులు పట్టుకుని ఆడవాళ్ళంతా వరసగా నిలబడ్డారు. ఒకటో అర నుంచి మొదలైంది. భక్తి పాట, బస్సు హారను, పసిపిల్ల నవ్వు, అన్నీ నా ఒంట్లోంచి ఒకదాని వెనక ఒకటి మోగాయి. పదిహేడు మోగలేదు. మేనేజరుగారు సంచీ విప్పి రిమోటు బయటికి తీశారు. ఎవరో కిసుక్కున నవ్వి ఆగిపోయారు.

"అసలుది ఏది?"

మావుళ్ళమ్మ వంగి బూటులోంచి తీసి ఇచ్చింది. ఉద్యోగం పోతే పిల్ల బడి మానుకోవాలని అక్కడ ఉన్న ఆడవాళ్ళందరికీ తెలుసు.

"రేపట్నుంచి..." అని ఆయన మొదలుపెట్టేలోపు చేతిలోని ఫోను వణికింది. అలవాటు కొద్దీ బొటనవేలు పచ్చ గుర్తును నొక్కేసింది. తెర మీద రెండు జడల పిల్ల, చేతులు గాల్లో ఆడిస్తూ కనిపించింది. కొత్త ముఖం చూడగానే ఆ చేతులు ఆగిపోయాయి.

"హలో" అన్నారు మేనేజరుగారు. పిల్ల పలకలేదు. "హలో, ఎవరమ్మా?" అని గొంతు పెంచారు. ఇంకా పెంచారు. గేటు అవతల రొయ్యల లారీ డ్రైవరు కూడా తిరిగి చూశాడు.

"దానికి వినపడదండి" అంది మావుళ్ళమ్మ.

ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. అలాగే ఫోను ఆమెకిచ్చారు. ఆమె తీసుకుంది కానీ ఎలా మాట్లాడాలో తోచక అటూ ఇటూ చూసింది. చేతులు రెండూ కావాలి. చటుక్కున ఫోనును నా పదిహేడో అరలో నిలబెట్టి, పడిపోకుండా వెనక రిమోటు ఆనించింది. సరిగ్గా ఆమె గుండె ఎత్తు. అప్పుడు మొదలుపెట్టింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు మూసిన కవర్లు మోసిన నా ముందు, మొట్టమొదటిసారి ఒక ఉత్తరం విప్పారింది. సిరా లేదు, చప్పుడు లేదు. రొయ్యల చలికి తెల్లబడిన ఆ వేళ్ళు ఎగిరాయి, ముడిపడ్డాయి, విడిపోయాయి. తెర మీద ఆ పిల్ల కళ్ళు ఎంత పెద్దవయ్యాయో! అమ్మ రెండు చేతులతో మాట్లాడటం ఆ పిల్ల ఫోనులో చూడటం అదే మొదలు. సగం సగం మాటలు ఏరుకుంటూ వచ్చిన పిల్లకు ఒక్కసారిగా అమ్మ మొత్తం దొరికింది. చేతుల్లో టీ చల్లారిపోతున్నా ఆడవాళ్ళెవరూ కదల్లేదు. నేను చెక్కను. అయినా ఆ అయిదు నిమిషాలు నాలో ఏదో మళ్ళీ చిగురు వేసినట్టయింది.

"ఏమంటుందమ్మా పాప?" అని సత్తిరాజు మెల్లిగా అడిగాడు.

"ఆ పెద్దాయన నోరు అంతలా ఎందుకు తెరిచారని అడుగుతుందండి."

మేనేజరుగారు నవ్వలేదు, కోప్పడలేదు. వెళ్ళిపోతూ, "పదిహేడు పదకొండింటికి తియ్యొచ్చు. రిమోటు మాత్రం ఇంట్లో ఇచ్చెయ్యి" అన్నారు. నోటీసు అలాగే ఉంది. మిగతా యాభై తొమ్మిదిమందికీ రూలు రూలే. అది న్యాయమో కాదో తేల్చడం నా పని కాదు.

ఏడాది తిరిగాక ఇనప లాకర్లు వచ్చాయి. నన్ను పొయ్యిలోకి పంపమన్నారు. మావుళ్ళమ్మ అడ్డం పడింది. ఆమెకొచ్చిన లాకరు మోకాలి ఎత్తున ఉంది మరి. సత్తిరాజు నన్ను ఈడ్చుకొచ్చి టీ బల్ల పక్కన, ఐసు గది చూరు కింద నిలబెట్టాడు. ఇప్పుడు నా అరల్లో ఆరేసిన గ్లవ్సులు, సాలీళ్ళు, ఎవరిదో దువ్వెన. పదకొండింటికి మాత్రం ఒక అర వెలుగుతుంది.

ఫోను తెరుచుకోగానే ఆ పిల్ల రోజూ ముందుగా ఒకే సైగ చేస్తుంది. రెండు అరచేతులూ ఎదురెదురుగా నిలబెట్టి, తరవాత ఒకటి పైన, ఒకటి కింద పెట్టి, మధ్యలోకి తొంగి చూస్తుంది. వీడియోల్లో ఎక్కడా లేని సైగ అది. మొన్న సత్తిరాజు దాని అర్థం అడిగాడు.

"అది ఈ బీరువా పేరండి. మా పిల్లే పెట్టుకుంది" అంది మావుళ్ళమ్మ నా చెక్క మీద చెయ్యి వేసి. "ఇది ఉందా అని ముందు అడుగుద్ది. ఉందంటేనే మిగతా కబుర్లు."