ఇరవై రెండో ఫారం

పుస్తకాలు కట్టేవాడు పుస్తకాలు చదవకూడదన్నది బైండరుకి వాళ్ళ నాన్న నేర్పిన మొదటి పాఠం. చదివితే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే జిగురు ఆరుతుంది. అద్దె లైబ్రరీకి ఇరవై ఏళ్ళుగా ఏటా మూడు వందల పుస్తకాలు కడుతున్నాడు గానీ ఒక్కదాని లోపల ఏముందో ఎరగడు. అట్ట వెయ్యడం వరకే తన పని, కథ సంగతి దేవుడెరుగు.

అలాంటివాడిని లైబ్రరీ ఆవిడ పిలిపించి, అతను కట్టిన లావుపాటి క్రైమ్ నవల ఒకటి బల్ల మీద పడేసింది. చివరి పేజీ అడుగున ఎర్రపెన్సిలు రాత: "హంతకుడు దొరక్కుండానే అయిపోయింది. మిగతా పేజీలు మింగిన దొంగ ఎవరు?" రాసింది లెక్కల మాస్టారు. రిటైరైనప్పటి నుంచీ లైబ్రరీ పుస్తకాలన్నిటికీ మార్కులు వెయ్యడమే ఆయన ఉద్యోగం. దాని కింద ఇంకో ఇద్దరు "అవును" అని సంతకాలు కూడా పెట్టారు. పేజీలు బైండరు చేతిలోనే పోయాయని తేలితే ఈ ఏటి పుస్తకాలన్నీ పక్కవీధి షాపుకే ఇస్తానని ఆవిడ మాస్టారి ముందే అనేసింది. ఆ మూడు వందల పుస్తకాలతోనే బైండరు ఇంట్లో సగం ఏడాది పొయ్యి వెలుగుతుంది.

ఏం పోయిందో తేలాలంటే ముందు ఏముందో తెలియాలి. కాబట్టి నాన్న పాఠాన్ని గట్టున పెట్టి, మధ్యాహ్నాలు భార్య పక్కన కూర్చుని పేజీలు కుడుతుంటే పైకి చదవడం మొదలుపెట్టాడు.

ఒక ఊరు. నాలుగేళ్ళలో ఆరు హత్యలు. చంపినవాడు పోతూ పోతూ, పోయినవాళ్ళ చెప్పులు శుభ్రంగా తుడిచి గుమ్మం దగ్గర జతగా పెట్టి వెళ్తాడు. ఇంకే ఆధారమూ లేదు. ఇన్‌స్పెక్టరు ఇంటింటికీ తిరుగుతాడు, అడిగిందే అడుగుతాడు. మొదటి వంద పేజీలూ నత్తనడకే. మెట్లెక్కడానికి రెండు పేజీలా, ఈయనకి మోకాళ్ళ నొప్పులా అని బైండరు విసుక్కున్నాడు. నూట ముప్ఫయ్యో పేజీలో ఇన్‌స్పెక్టరు మళ్ళీ మెట్లెక్కాడు. ఈసారి రెండో అంతస్తుకి వచ్చేసరికి బైండరు గొంతు దానంతటదే తగ్గిపోయింది, భార్య సూది గాల్లో ఆగింది. పైన తలుపు వారగా తెరిచి ఉంది. గుమ్మంలో చెప్పులు జతగా ఉన్నాయి.

ఇక ఆ రోజు నుంచీ ఇంట్లో పని సాగితే ఒట్టు. జిగురు గిన్నెలో గడ్డకట్టింది. భార్య తమ గుమ్మంలో చెప్పులు జతగా కనిపిస్తే చాలు, కాలితో విడగొట్టేది. పాలవాడు మెత్తగా మాట్లాడతాడని ఆమెకి అనుమానం, రూళ్ళ కాగితాలు కొనేవాడు చేతులు మరీ శుభ్రంగా ఉంచుకుంటాడని ఇతనికి అనుమానం. అన్నం దగ్గర కూడా అదే చర్చ. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ ఇంతసేపు మాట్లాడుకున్నది ఇదే మొదలు.

మూడు వందల యాభయ్యో పేజీలో ఇన్‌స్పెక్టరు రిటైరై, ఫైళ్ళ బీరువా తాళాలు అప్పగించి మెట్లు దిగిపోయాడు. అంతే.

"అంతేనా?" అంది భార్య, ఎవరో నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టు.

బైండరుకీ మొదట కోపం వచ్చింది. సాయంత్రానికి ఆ కోపం ఎటో పోయింది. హంతకుణ్ణి పట్టుకుని ఉంటే పుస్తకం మూసేసి మర్చిపోయేవాడు. పట్టుకోలేదు కాబట్టే ఆ మనిషి ఇంకా వీధిలో తిరుగుతున్నాడు, ఇన్‌స్పెక్టరు ఇంకా మెట్లెక్కుతూనే ఉన్నాడు. అబ్బ, ఏం రాశాడు రా బాబూ అనుకున్నాడు.

మర్నాడు లైబ్రరీకి పరుగెత్తి, పదహారు పేజీల మడత అయిన ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున ఉండే చిన్న అంకెలు చూపించాడు. ఒకటి నుంచి ఇరవై రెండు దాకా అన్నీ ఉన్నాయి, ఒక్క ఫారమూ పోలేదు, రచయిత ఉద్దేశమే అది అన్నాడు. ఆ మెట్ల గురించి అరగంట చెప్పాడు. ఆవిడ నోరు తెరుచుకుని విని, సరేనంది. సాయంత్రానికి మూడు వందల పుస్తకాల మూటలూ ఇంటికి వచ్చేశాయి.

మాస్టారి రాతని చెరిపి పెడతానని పుస్తకం తన దగ్గరే ఉంచుకున్నాడు గానీ, అసలు ఆశ మళ్ళీ చదవడం మీద. రెండో చదువులో కంటికి ఆనింది. మూడు వందల ముప్ఫై ఏడో పేజీ, అంటే ఇరవై రెండో ఫారం మొదటి ఆకు, కుట్టులో లేదు. సన్నటి కాగితం పట్టీతో అతికించి ఉంది. ఫారంలో మొదటి ఆకూ చివరి ఆకూ ఒకే కాగితం మడత. ఒకటి ఒంటరిగా వేలాడుతోందంటే రెండోదాన్ని ఎవరో లాగేసినట్టే. ఆ పట్టీ కొసలు ఏటవాలుగా కోసి ఉన్నాయి. ఊళ్ళో అలా కోసేవాడు ఒక్కడే, నాన్న దగ్గర నేర్చుకున్నవాడు. అంటే తనే. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ దొంగే దొంగని పట్టుకున్నాడు.

కొత్త అట్ట వేసేటప్పుడు పీకిన పాత అట్టలు పారెయ్యడు, చిన్న పుస్తకాలకి పనికొస్తాయని బల్ల కింద దాస్తాడు. మొగుడూ పెళ్ళామూ బల్ల కింద దూరి, తుమ్ముకుంటూ ఆ మొత్తం తిరగేశారు. ఆ నవల పాత పచ్చ గుడ్డ అట్ట దొరికింది. దాని లోపలివైపు అతుక్కుపోయిన కాగితం ఒట్టి తెల్లగా ఉంది. అట్ట లాగినప్పుడు ఈ తెల్లదనం చూసే అది పుస్తకంలో ఆకు కాదు, అట్టకి వేసిన కాగితం అనుకున్నాడు. ఖాళీ కాగితం బైండరు కంటికి సరుకే గానీ పేజీ కాదు మరి. తడిగుడ్డ వేసి, ఊపిరి బిగబట్టి, గోటితో అంచు లేపాడు. పాత జిగురు వదిలింది. వెనకవైపు అక్షరాలున్నాయి.

అది మూడు వందల యాభై రెండో పేజీ. రచయిత కావాలనే ఒక పేజీ ఖాళీగా వదిలి, దాని వెనక నాలుగు వాక్యాలు వేయించాడు. "రిటైరైన ఏడో ఏడు, అదే తేదీకి, ఆయన మొదటి హతురాలి తల్లి తలుపు తట్టాడు. ఏటా చెప్పే మాటే చెప్పబోయాడు. ఆమే ముందు అంది: దొరకలేదుగా, తెలుసు. చలిగా ఉంది, లోపలికి రా."

బైండరు రెండుసార్లు చదివాడు. భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇద్దరి చూపూ గోడవారన మూడు వందల పుస్తకాల మూటల మీద పడింది. ఈ కాగితం పొయ్యిలో పడేస్తే అడిగేవాడు లేడని ఇద్దరికీ తెలుసు.

"చెప్తే ఆ మూటలు పోతాయి," అన్నాడు.

"పోతాయి," అంది. "అలాగని ఇంత మంచి మాట మనిద్దరమే చదివి ఊరుకుందామా?"

లైబ్రరీలో మాస్టారు కూడా ఉన్నారు. ఆ దొంగ నేనేనని బైండరు ఆకు బల్ల మీద పెట్టాడు. భయపడాల్సినవాడు కాస్తా, చదవండి చదవండి అని తొందరపెడుతున్నాడు. ఆవిడ చదివింది, మళ్ళీ చదివింది, మాస్టారికి అందించింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, ఎర్రపెన్సిలు జేబులో దాచేసుకున్నారు. తర్వాత ఆవిడ నెమ్మదిగా, మాస్టారి ముందు అన్న మాట తను మార్చుకోలేనని, మూటలు పక్కవీధి షాపుకి పంపించమని చెప్పింది. చెప్పేటప్పుడు అతని మొహం చూడలేకపోయింది. బైండరు అలాగేనన్నాడు. అక్కడే బల్ల దగ్గర కూర్చుని ఆకుని దాని చోట అతికించి, ఆరేదాకా చేత్తో అదిమిపట్టి లేచాడు.

గుమ్మంలో భార్య ఎదురుచూస్తోంది.

"పోయాయా?"

"పోయాయి."

"ఆవిడ చదివిందా?"

"రెండుసార్లు. మాస్టారైతే నాలుగుసార్లు."

ఆమె మొహం వెలిగింది. ఆ వెంటనే అతని చంకలో ఏదో లావుగా కనిపించింది. ఇరవై ఏళ్ళుగా పుస్తకాలు కట్టిన లైబ్రరీలో ఇవాళే మెంబరుగా చేరి, బైండరు ఇంకో క్రైమ్ నవల తెచ్చాడు.

"ఇందులో దొరుకుతాడా?" అంది ఆమె, దారం తెంపి సూది పక్కన పెడుతూ.

"చెప్పొద్దని ఆవిడతో ఒట్టు వేయించుకున్నాను," అన్నాడు బైండరు, మొదటి పేజీ తిప్పుతూ. "కూర్చో."