లోర్నా అడిగిన ప్రశ్న

అమ్మ కూడా హాల్లోకి వస్తానన్నప్పటి నుంచి ట్రెసాకు కాళ్లూ చేతులూ ఆడడం లేదు.

అకౌంటింగ్‌లో మంచి మార్కులు తెచ్చుకునే విద్యార్థుల సంఘం అది. దేశమంతా కాలేజీల్లో శాఖలున్నాయి. ఏటా వేసవి చివర ఏదో ఒక పెద్ద ఊళ్లో, పెద్ద హోటల్లో మహాసభ పెట్టుకుంటారు. ఈసారి సెయింట్ లూయిస్‌లో. ఒక్కో శాఖా తాను చేసిన ఘనకార్యం గురించి ఒక సెషన్ నడపాలి. వెనక వరసల్లో ఆడిట్ కంపెనీల వాళ్లు కాఫీ కప్పులు పట్టుకుని కూర్చుంటారు, సంతలో కోడెల్ని చూసినట్టు ఉద్యోగాలకు పిల్లల్ని చూసుకోవడానికి. పేరుకు సేవ, అసలు పని ఇది.

ట్రెసాది ఓజార్క్ కొండల్లో ఒక చిన్న కాలేజీ. కాలేజీ వ్యాను ఇవ్వలేమన్నారు. తోటి సభ్యులు వేసవి ఉద్యోగాలున్నాయని తప్పించుకున్నారు. చివరికి వాళ్లమ్మ లోర్నా తన పాత పికప్‌లో దించుతానంది.

"దించేసి కింద కాఫీ తాగుతూ కూర్చోమ్మా. అంతా లెక్కల గోల, నీకు నిద్రొస్తుంది," అంది ట్రెసా దారిలో.

"నువ్వు స్టేజీ మీద మాట్లాడుతుంటే నేను కింద కాఫీ తాగనా? మతుండే మాట్లాడుతున్నావా? నాకర్థం కాకపోతే నీ జుట్టు చూస్తూ కూర్చుంటాలే. కాస్త దువ్వుకో ముందు."

ట్రెసా భయం జుట్టు గురించి కాదు. తను చెప్పబోయే కథ అమ్మది. అమ్మను అడగకుండా తీసుకున్న కథ.

లోర్నా హైవే పక్కన ఒక మోటెల్లో చాలా ఏళ్లు గదులు ఊడ్చింది. యజమాని ఆమెను తన దగ్గర జీతానికి పనిచేసే ఉద్యోగిగా కాక, సొంతంగా కాంట్రాక్టు చేసుకునే మనిషిగా కాగితాల మీద రాసుకున్నాడు. దాంతో అతను కట్టాల్సిన పన్ను కూడా ఆమె నెత్తినే పడింది. గదులు కడిగే సబ్బు కూడా ఆమే కొనుక్కోవాలి. చలికాలంలో ఊరి లైబ్రరీలో ట్రెసా వాళ్ల శాఖ పేదలకు ఉచితంగా పన్ను కాగితాలు రాసిపెట్టింది. అక్కడ అమ్మ కాగితాలు చూసి ట్రెసా మండిపడింది. "ఇది పచ్చి మోసమమ్మా" అని, ఎక్కువ కట్టిన పన్ను వెనక్కిప్పించమని పన్నుల ఆఫీసుకు అర్జీ తనే రాసి పంపింది.

మార్చిలో ప్రాంతీయ సభలో ఆ సంగతే చెప్పింది, మోటెల్‌ను హోటల్‌గా మార్చి, వయసు మార్చి, ఎవరో ఒకావిడ అని. "ఆమె తరఫున మేం అర్జీ పెట్టాం" అన్నదగ్గర ఆపింది. చప్పట్లు మోగాయి, మొదటి బహుమతి వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకు పన్నుల ఆఫీసు నుంచి యజమానికి ఉత్తరం వెళ్లింది. మర్నాడు పొద్దున్నే అతను లోర్నాను పనిలోకి రావద్దన్నాడు. అర్జీకి ఇప్పటిదాకా జవాబు లేదు. లోర్నా ఇప్పుడు కోళ్ల ఫ్యాక్టరీలో చేతులు గడ్డకట్టేలా మాంసం కోస్తోంది. ట్రెసా స్లైడ్లలో మాత్రం ఒక్క అక్షరం మారలేదు. అర్జీ పెట్టాం, చప్పట్లు కొట్టండి.

హాల్లో వాళ్లకంటే ముందున్న సెషన్ ఇంకా మొదలుకాలేదు. మంచి చోటు దొరకదేమోనని లోర్నా అప్పుడే వెళ్లి రెండో వరసలో కూర్చుంది. ట్రెసా గోడవారగా ప్రొఫెసర్ కెస్లర్ పక్కన నిలబడింది. వాళ్ల శాఖను చూసుకునే పెద్దమనిషి ఆయనే.

ముందు సెషన్ ఒక పెద్ద యూనివర్సిటీ వాళ్లది. అందరికీ ఒకే రంగు టైలు. వాళ్ల నాయకుడు బ్రాడీ, చూడచక్కని కుర్రాడు, మైకు పట్టుకుని నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"లిండా అని ఒకావిడ మా దగ్గరికొచ్చింది. హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది. సబ్బు కూడా తనే కొనుక్కుంటుంది..."

మార్చిలో ట్రెసా చెప్పిన కథే అది. అవే మాటలు, అదే వరస. ఆఖరికి స్లైడు మీద చీపురు బొమ్మ కూడా తను పెట్టిందే.

"సార్, అది మనది," అంది గొంతు తగ్గించి.

"మార్చిలో గెలిచాక అన్ని శాఖల ఉమ్మడి ఫోల్డర్లో పెట్టాం కదమ్మా. నచ్చినవాళ్లు వాడుకోవచ్చు. దొంగతనం కాదు, మన సంఘం పద్ధతే అది."

బ్రాడీ అర్జీ దగ్గర ఆగలేదు. లిండాకు ఎక్కువ కట్టిన పన్నంతా వెనక్కి వచ్చిందన్నాడు. యజమాని క్షమాపణ చెప్పుకుని ఆమెకు సూపర్‌వైజర్ ఉద్యోగం ఇచ్చాడన్నాడు. లిండా తమకోసం పీచ్ పళ్లు పెట్టి కాల్చే తీపి వంటకం, పీచ్ పై, చేసుకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుందన్నాడు. వెనక వరసల్లో కాఫీ కప్పులు కింద పెట్టి మరీ చప్పట్లు కొట్టారు.

"ఆ ముగింపు మనది కాదు సార్."

"మనదానికి అసలు ముగింపే లేదుగా," అన్నాడు కెస్లర్ వాచీ చూసుకుంటూ.

ప్రశ్నలుంటే అడగమన్నారు. రెండో వరసలో ఒక చెయ్యి లేచింది. ఎర్రగా కమిలిపోయిన చెయ్యి. ట్రెసాకు అక్కడికక్కడే మాయమైపోవాలనిపించింది.

"మీది ఏ శాఖ మేడమ్?" అన్నాడు బ్రాడీ నవ్వుతూ.

"నాకే శాఖా లేదు బాబూ. మా పిల్లను దించడానికొచ్చాను." హాలంతా నవ్వింది. లోర్నా కూడా నవ్వి, మైకు రెండు చేతులతో పట్టుకుంది. "ఆ లిండా గారు ఎవరి దగ్గరికి వెళ్లారో చెప్తావా? నాదీ అచ్చం అదే గొడవ. సబ్బుతో సహా. అర్జీ మా అమ్మాయే రాసింది, బాగానే రాసుంటుంది, చదువుకుంది. నన్నేమో పొమ్మన్నారు. ఆవిడేం చేసిందో, నేనేం చెయ్యలేదో తెలుసుకుందామని."

ఇప్పుడెవరూ నవ్వలేదు. బ్రాడీ ముఖం మీద నవ్వు మాత్రం అలాగే అతుక్కుని ఉంది.

"ఒక్కో కేసు ఒక్కోలా ఉంటుంది మేడమ్. మా వెబ్‌సైట్‌లో అన్ని వివరాలూ ఉన్నాయి. అడిగినందుకు చాలా థాంక్స్." టైమైపోయిందని ఎవరో చెయ్యి ఊపారు. అందరూ హాయిగా చప్పట్లు కొట్టి లేచారు. ఒక కంపెనీ ఆయన బ్రాడీ భుజం తట్టి కార్డు ఇచ్చాడు.

ట్రెసా అమ్మను చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"మంచి కుర్రాడు, ఎంత మర్యాదగా చెప్పాడో," అంది లోర్నా. "నాది వేరే రకమట. పోన్లే. ఆవిడకైనా వచ్చింది, చూశావా? పైగా సూపర్‌వైజర్‌ను చేశారట. నాలాంటి మనిషినే! వింటుంటే ఎంత సంతోషమేసిందో. నేనే ఎక్కడో తప్పు చేసుంటాను. పనిలోకి రావద్దన్న రోజు ఆ మోటెలాయన మీద అరిచాను కదా, అందుకే చెడిందేమో."

"నువ్వే తప్పూ చెయ్యలేదమ్మా."

"లేకపోతే ఆవిడకి వచ్చి నాకెందుకు రాదే?"

తలుపు తెరిచి కెస్లర్ తొంగిచూశాడు. "ట్రెసా, మన వంతు. ఆ కథ వాళ్లు చెప్పేశారు కాబట్టి నువ్వు వాలంటీర్ల సంగతితో మొదలుపెట్టు." తలుపు మూసేశాడు.

ఆయన ఎంత సులువైన దారి చూపించాడు! నోరు మూసుకుంటే చాలు. అమ్మకు ఎప్పటికీ తెలియదు. తన తప్పేనని కోళ్లు కోస్తూ జీవితాంతం అనుకుంటూ ఉంటుంది, అంతే. ట్రెసాకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అమ్మా, లిండా అని ఎవరూ లేరు. అది నువ్వే. మార్చిలో నీ సంగతి నేనే నలుగురిలో చెప్పాను. నిన్ను అడగలేదు. బహుమతి కూడా తెచ్చుకున్నాను. నీ పని పోయాక కూడా దాన్ని మార్చలేదు. ఇవాళా అదే చెబ్దామని వచ్చాను. వాడు నా దగ్గర్నుంచి తీసుకుని చివర లేని ముగింపు అతికించాడు."

లోర్నా కూతురి చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. తిడుతుందేమో, కొడుతుందేమో, కొట్టినా బాగుండుననుకుంది ట్రెసా.

"పన్ను డబ్బులు వెనక్కొచ్చాయన్నాడే?"

"అబద్ధమమ్మా."

"ఆ ఉద్యోగం?"

"అదీ అబద్ధమే."

"పై చేసుకొచ్చిందన్నాడు కదే. పీచ్ పై."

ట్రెసా తల అడ్డంగా ఊపింది. లోపల మైకులో వాళ్ల కాలేజీ పేరు పిలుస్తున్నారు. లోర్నా గోడకు చేరగిలబడి, కమిలిన చేతులు ఒకదాన్నొకటి రుద్దుకుంది.

"అయితే ఎవరికీ రాలేదన్నమాట," అంది.